నక్షత్ర తాబేలు పిల్ల చిక్కిపోతుంటే: కారణాలు, తక్షణ సంరక్షణ, అప్పగింత

సరిహద్దు జిల్లాల మెట్ట పల్లెలకు నక్షత్ర తాబేలు కొత్త ప్రాణి కాదు. మదనపల్లె, కోలారు, హోసూరు ప్రాంతాల చేలగట్ల మీద, ముళ్లపొదల పక్కన, వానలు పడి పచ్చిక మొలిచిన రోజుల్లో ఇది కనిపిస్తూనే ఉంటుంది. డిప్ప మీది పసుపు చారల అందం పిల్లలను ఆకర్షిస్తుంది. తాబేలు ఉన్న ఇల్లు కలిసివస్తుందన్న నమ్మకం పెద్దలను ఒప్పిస్తుంది. అలా ఇంటికి చేరిన పిల్ల తాబేలు మొదటి వారం చురుకుగా తిరుగుతుంది. నెల గడిచేసరికి మేత తగ్గించి మూల చేరుతుంది. డిప్ప మెత్తబడుతుంది, కళ్లు లోతుకు పోతాయి. ఒకనాడు కదలికే ఉండదు.

ఇంటివారు దానిని హింసించినందువల్ల ఇలా జరగదు. ముద్దు చేసి, అన్నం పెట్టి, నీడలో ఉంచి పెంచిన ఇళ్లలోనే ఎక్కువగా జరుగుతుంది. కుక్కకు, కోడికి, మేకకు సరిపోయే పెంపకం తాబేలుకు సరిపోకపోవడమే ఇందుకు మూలం. చిక్కిపోతున్న పిల్ల తాబేలును ఎలా గుర్తించాలి, ఎందుకు చిక్కిపోతుంది, మొదటి రెండు రోజులలో ఏమి చేయాలి, ఆ తరువాత దానిని ఎవరికి అప్పగించాలి అనే విషయాలు ఈ వ్యాసంలో ఉన్నాయి.

ప్రాణి పరిచయం

నక్షత్ర తాబేలు శాస్త్రీయ నామం జియోకెలోన్ ఎలిగాన్స్. ఇది నేల మీద బతికే తాబేలు, ఈదలేదు. కాళ్లు ఏనుగు కాళ్లవలె స్తంభాల ఆకారంలో ఉంటాయి, వేళ్ల మధ్య పొర ఉండదు. నల్లని డిప్ప మీద ప్రతి పలక నడుమ నుంచి పసుపు గీతలు కిరణాలవలె విచ్చుకుంటాయి. పిల్లలలో పసుపు ఎక్కువ, గీతలు తక్కువ. వయస్సు పెరిగిన కొద్దీ కిరణాల సంఖ్య పెరుగుతుంది. పెరిగిన ఆడ తాబేలు మగదానికంటే పెద్దది. కన్నడంలో దీనిని నక్షత్ర ఆమె అనీ, తమిళంలో నక్షత్తిర ఆమై అనీ పిలుస్తారు.

వాయవ్య భారతంలో గుజరాత్, రాజస్థాన్‌లలోనూ, ఆ పక్కనే ఉన్న పాకిస్థాన్ ప్రాంతంలోనూ, దక్షిణాన ఆంధ్రప్రదేశ్, కర్ణాటక, తమిళనాడు రాష్ట్రాలలోనూ, శ్రీలంకలోనూ ఇవి సహజంగా జీవిస్తాయి. గడ్డి, ఆకులు, పూలు, రాలిన పండ్లు, నాగజెముడు వంటి కండగల మొక్కలు వీటి ఆహారం. సరైన పరిస్థితులలో దశాబ్దాల పాటు బతికే ప్రాణి ఇది. ఏడాది తిరగకుండానే చనిపోయే పిల్ల వయస్సు తీరి పోయినది కాదు, పరిస్థితులు కుదరక పోయినది.

పొలంలో ఒంటరిగా కనిపించిన పిల్ల

చేలో ఒంటరిగా తిరిగే పిల్ల తాబేలును తల్లి తప్పిపోయినదిగా భావించి ఇంటికి తెచ్చేవారు ఉన్నారు. తాబేళ్లలో తల్లి పిల్లలను సాకడం అనేది లేదు. తల్లి మట్టిలో గుంట తీసి గుడ్లు పెట్టి, పూడ్చి వెళ్లిపోతుంది. గుడ్డు నుంచి వెలువడిన క్షణం నుంచి పిల్ల తన బతుకు తానే చూసుకుంటుంది. మొదటి కొద్ది రోజులు దాని కడుపులో మిగిలిన పచ్చసొనే దానికి ఆహారం. అందువల్ల ఒంటరిగా ఉండడం ఆపదకు గుర్తు కాదు.

పొలంలో ఆరోగ్యంగా తిరిగే పిల్లను అక్కడే వదిలివేయడమే దానికి చేయగల మేలు. బాట దాటుతూ కనిపిస్తే, అది ఏ వైపు వెళుతున్నదో ఆ వైపు అంచుకు చేర్చి వదిలితే చాలు. దుక్కి సాగే చేలో కనిపిస్తే పక్క గట్టు మీది పొద నీడలో ఉంచవచ్చు. గాయపడిన పిల్లనూ, కుక్క కరిచిన పిల్లనూ మాత్రమే చేతిలోకి తీసుకోవలసి ఉంటుంది.

చిక్కిపోవడానికి ఐదు కారణాలు

ఒకటి, వెచ్చదనం లోపం. తాబేలు తన శరీరంలో వేడిని పుట్టించుకోలేదు. బయటి వేడితోనే దాని రక్తం, కడుపు, రోగనిరోధక శక్తి పనిచేస్తాయి. పగటిపూట ఒక చోట 32 నుంచి 35 డిగ్రీల వేడి, మిగిలిన చోట 25 నుంచి 30 డిగ్రీలు దొరికితేనే తిన్న మేత అరుగుతుంది. గచ్చు నేల, నాపరాయి, టైల్స్ దాని అడుగు డిప్ప నుంచి వేడిని లాగివేస్తాయి. కోలారు, హోసూరు, మదనపల్లె పీఠభూమిలో శీతకాలపు రాత్రులు 15 డిగ్రీల దగ్గరకు, కొన్నాళ్లు అంతకంటే దిగువకు పోతాయి. పొలంలోని తాబేలు పొద మొదట్లో ఎండుగడ్డి కింద దూరి కాచుకుంటుంది. బకెట్‌లోనో అట్టపెట్టెలోనో ఉన్న పిల్లకు ఆ అవకాశం లేదు. చలికి ముడుచుకున్న పిల్లను చూసి శీతనిద్రలో ఉన్నదని అనుకోవడం కద్దు. నక్షత్ర తాబేలుకు శీతదేశాల తాబేళ్లవంటి దీర్ఘ శీతనిద్ర లేదు. ఇంటిలో రోజుల తరబడి కదలని పిల్లది నిద్ర కాదు, నీరసం.

రెండు, ఎండ లోపం. ఎండలోని అతినీలలోహిత కిరణాలు చర్మం మీద పడితేనే శరీరంలో విటమిన్ డి తయారవుతుంది. అది లేనిదే మేతలోని సున్నం ఎముకలకు, డిప్పకు చేరదు. కిటికీ అద్దం గుండా వచ్చే వెలుగులో వేడి ఉంటుంది గాని ఈ కిరణాలు దాదాపు ఉండవు. ఇంటిలోపల పెరిగిన పిల్లల డిప్ప మెత్తబడడానికి, కాళ్లు ఈడ్చడానికి ఇదే ముఖ్య కారణం.

మూడు, నీటి లోపం. మెట్ట ప్రాణి కనుక నీరు అక్కరలేదన్నది అపోహ. చిన్న శరీరం త్వరగా ఎండిపోతుంది. గుడ్డు నుంచి వచ్చిన మొదటి సంవత్సరంలో పిల్లలు ఎక్కువగా తేమ ఉన్న మట్టిలో, గడ్డి కుదుళ్లలో దాగి ఉంటాయి. గదిలోని పొడి గాలి, పంకా గాలి వాటిని లోలోపల ఎండగడతాయి. నీరు తగ్గితే మూత్రంలోని తెల్లని పదార్థం గట్టిపడి ఇసుకవలె, రాయివలె మారుతుంది. డిప్ప పలకలు గోపురాలవలె ఎత్తుగా పెరగడానికి కూడా పొడి వాతావరణం ప్రధాన కారణమని ఆఫ్రికా సుల్కాటా తాబేళ్ల మీద జరిగి 2003లో ప్రచురితమైన పరిశోధన తేల్చింది. అంతకు ముందు ఆ దోషమంతా ఎక్కువ మాంసకృత్తులదే అని అనుకునేవారు.

నాలుగు, తగని మేత. అన్నం, పాలు, రొట్టె, బిస్కట్, పప్పు, గుడ్డు, మాంసం దీని కడుపుకు సరిపడవు. దోసకాయ, టమాటా, అరటిపండు ఇష్టంగా తింటుంది గాని వాటిలో పీచు, సున్నం చాలవు. పండ్లు ఎక్కువైతే విరేచనాలు పట్టుకుంటాయి. మేతలో భాస్వరం కంటే సున్నం కనీసం రెండింతలు ఉండాలి. గింజలు, పప్పులు, మాంసంలో ఈ లెక్క తలకిందులుగా ఉంటుంది.

ఐదు, తాకిడి. పిల్లల చేతులలో గంటల తరబడి తిరిగే తాబేలు, కుక్కపిల్ల వాసన చూసే తాబేలు, పెద్ద తాబేలుతో ఒకే పెట్టెలో ఉన్న పిల్ల తాబేలు మేత మానివేస్తాయి. చీమలు, ఎలుకలు, కాకులు కూడా పిల్లలకు ప్రాణాంతకమే.

ఈ ఐదింటిలో ఏదో ఒకటి మాత్రమే ఉండడం అరుదు. చలి వల్ల మేత అరగదు, అరగనందువల్ల తినదు, తిననందువల్ల నీరు తగ్గుతుంది, నీరు తగ్గినందువల్ల మరింత నీరసిస్తుంది. కనుకనే తినడం లేదన్న ఒక్క విషయం మీదనే దృష్టి పెట్టి నోరు తెరిచి మేత కుక్కడం ఫలించదు.

గుర్తించవలసిన లక్షణాలు

తాబేలు జబ్బును చాలా కాలం దాచుకుంటుంది. బయటికి కనిపించేనాటికి లోపల బాగా ముదిరి ఉంటుంది. అందువల్ల చూపు కంటే తూకం నమ్మదగినది. గ్రాముల వరకు చూపే చిన్న ఎలక్ట్రానిక్ తక్కెడ మీద తూచి, తేదీతో రాసి ఉంచాలి. పెరిగే వయస్సులో బరువు నిలిచిపోవడమే మొదటి హెచ్చరిక. ఉన్న బరువులో పదో వంతు తగ్గితే అది ప్రమాదం.

సాధారణ నీరసానికి గుర్తులు: వెచ్చని చోట ఉంచినా కళ్లు మూసుకొని ఉండడం, తల, కాళ్లు వేలాడవేయడం, ముట్టుకున్నా లోపలికి ముడుచుకోకపోవడం, చేతికి ఖాళీ డిప్పవలె తేలికగా తగలడం.

నీరు తగ్గినందుకు గుర్తులు: లోతుకు పోయిన కళ్లు, ముడతలు పడి సాగిన చర్మం, గట్టి ఇసుకవంటి తెల్లని విసర్జన.

సున్నం లోపానికి గుర్తులు: వేలితో మెల్లగా నొక్కితే లోపలికి పోయే డిప్ప, వణికే కాళ్లు, పొట్టను నేలకు రాస్తూ నడవడం. గుడ్డు నుంచి వచ్చిన తొలి వారాలలో అడుగు డిప్ప కొంత మెత్తగా ఉండడం సహజం. తరువాత కూడా గట్టిపడకపోతేనే అది లోపం.

ఊపిరితిత్తుల జబ్బుకు గుర్తులు: ముక్కు నుంచి నీరు, బుడగలు, నోరు తెరిచి మెడ చాచి శ్వాసించడం, శ్వాసలో ఈల వంటి చప్పుడు. ఇవి కనిపిస్తే ఒక్క రోజు కూడా ఆగరాదు.

కళ్లు ఉబ్బి మూసుకుపోవడం విటమిన్ ఎ లోపం వల్ల గాని, కంటిలో చేరిన సూక్ష్మజీవుల వల్ల గాని కావచ్చు. ఆ తేడా వైద్యుడే చెప్పగలడు.

మొదటి రెండు రోజులలో చేయవలసినవి

చిక్కిన పిల్ల విషయంలో వరుస ముఖ్యం. ముందు వెచ్చదనం, తరువాత నీరు, ఆ తరువాతే మేత. చల్లబడిన కడుపులోకి వెళ్లిన మేత అరగక కుళ్లుతుంది.

వెచ్చదనం: సుమారు మూడు అడుగుల పొడవు, రెండు అడుగుల వెడల్పు ఉన్న చెక్కపెట్టె గాని ప్లాస్టిక్ తొట్టి గాని తీసుకోవాలి. గాజుపెట్టె తగదు. ఒక చివర పైనుంచి వేడినిచ్చే పాతరకం తీగబల్బు వేలాడదీయాలి. కోడిపిల్లలకు వాడే బల్బు సరిపోతుంది. ఎల్ఈడీ బల్బులో వెలుగే గాని పనికివచ్చే వేడి ఉండదు. బల్బు కింద 32 నుంచి 35 డిగ్రీలు ఉండేలా ధర్మామీటరుతో చూసి ఎత్తు సరిచేయాలి. రెండో చివర చల్లగా, నీడగా ఉండాలి. వేడి ఎక్కువైనపుడు పిల్ల అటు పోగలగాలి. రాత్రి వెలుగు ఆర్పివేసి, పెట్టెను గోనెపట్టాతో పైపైన కప్పి, గాలి ఆడనిస్తూ వెచ్చగా ఉంచాలి. జబ్బుగా ఉన్న పిల్లకు రాత్రి కూడా 25 డిగ్రీలకు తగ్గకుండా చూడాలి.

నేల: తోటమట్టి, కొబ్బరిపొట్టు కలిపి రెండు మూడు అంగుళాల మందాన పరిచి కొద్దిగా తడపాలి. పిండితే నీరు కారనంత తేమ చాలు. బోర్లించిన కుండపెంకు దాక్కోవడానికి పనికివస్తుంది. వట్టి ఇసుక, రంపపుపొట్టు వేయరాదు. మేతతో పాటు మింగితే పేగుకు అడ్డుపడతాయి.

నీరు: వెడల్పాటి పళ్లెంలో గోరువెచ్చని నీరు పోసి, పై డిప్ప, అడుగు డిప్ప కలిసే గీత వరకు మాత్రమే మునిగేలా పిల్లను అందులో 15 నుంచి 20 నిమిషాలు ఉంచాలి. తల ఎప్పుడూ నీటి పైన ఉండాలి. దగ్గర మనిషి ఉండి తీరాలి. అది నీరు తాగుతుంది, చాలాసార్లు అందులోనే విసర్జిస్తుంది. తరువాత మెత్తని గుడ్డతో అద్ది వెచ్చని చోటికి చేర్చాలి. చిక్కిన పిల్లకు ఇది రోజూ అవసరం. నోటిలో నీరు పోయరాదు. అది శ్వాసనాళంలోకి పోతుంది.

ఎండ: ఉదయపు లేత ఎండలో 20 నుంచి 30 నిమిషాలు, సగం నీడ ఉన్న చోట ఉంచాలి. కాకి, కుక్క చేరకుండా ఒకరు కాపలా ఉండాలి. ఎండలో వెల్లకిలా పడిన పిల్ల తిరగబడలేక కొద్దిసేపట్లోనే చనిపోతుంది.

మేత: పిల్ల కదలడం మొదలుపెట్టిన తరువాత సన్నగా తరిగిన ఆకులు ముందు ఉంచాలి. లేత గరిక, మల్బరీ ఆకు, మందార ఆకులు, పూలు, ముళ్లు తీసిన నాగజెముడు మట్ట, గుమ్మడి ఆకు, కొద్దిగా మునగాకు మంచివి. పట్టుపురుగుల పెంపకం ఉన్న పల్లెలలో మల్బరీ సులభంగా దొరుకుతుంది, సున్నం కూడా అందులో బాగా ఉంటుంది. అయితే మందు చల్లిన తోట ఆకు, పురుగుల గదిలో సున్నం, బ్లీచింగ్ పడిన ఆకు పనికిరావు. పాలకూర, గంగవాయిలకూరలలోని ఆమ్లం సున్నాన్ని ఒంటికి చేరనివ్వదు. అవి అరుదుగా చాలు. జిల్లేడు, గన్నేరు, ఉమ్మెత్త, వయ్యారిభామ దరిదాపులకు రానీయరాదు.

సున్నం: పక్షుల మేత అమ్మే దుకాణాలలో దొరికే సముద్రపు నురుగు గాని, ఉడకబెట్టి ఎండబెట్టి మెత్తగా దంచిన గుడ్డు పెంకు గాని చిటికెడు ఆకుల మీద చల్లితే చాలు. తాంబూలపు సున్నం వాడరాదు. అది నోటిని కాలుస్తుంది.

చేయకూడనివి

గొర్రెలకు, ఆవులకు నట్టల మందుగా, పిడుదులు పోవడానికి వాడే ఐవర్‌మెక్టిన్ తాబేళ్లకు విషం. చుక్క వేసినా పక్షవాతం వచ్చి చనిపోవచ్చు. పశువుల కోసం ఇంటిలో ఉన్న ఏ మందునూ దీనికి వాడరాదు. మనుషుల విటమిన్ చుక్కలు కూడా వేయరాదు. విటమిన్ ఎ మోతాదు మించితే చర్మం ఊడిపోతుంది. మెరుపు కోసం డిప్పకు నూనె, రంగు, పసుపు పూయరాదు. గుర్తు కోసం డిప్పకు తొలిచి దారం కట్టడం క్రూరం. డిప్ప కింద ప్రాణమున్న ఎముక, నరాలు ఉంటాయి.

తాబేలు ఒంటి మీద, విసర్జనలో సాల్మొనెల్లా అనే సూక్ష్మజీవి ఉండవచ్చు. అది మనుషులకు వాంతులు, విరేచనాలు, జ్వరం తెస్తుంది. ముట్టుకున్న ప్రతిసారీ సబ్బుతో చేతులు కడుక్కోవాలి. వంటింటి గిన్నెలు, తొట్టి దీనికి వాడరాదు. ఐదేళ్లలోపు పిల్లలను, గర్భిణులను, వృద్ధులను దూరంగా ఉంచడం మంచిది.

ప్రాంతాన్ని బట్టి మార్పులు

పీఠభూమి పల్లెలలో చలి ప్రధాన శత్రువు. యానాం, బరంపురం వంటి తీరప్రాంతాలలో గాలిలో తేమ సహజంగానే ఉంటుంది. అక్కడ వానాకాలపు చల్లదనం, తడి కలిసి ఊపిరితిత్తులకు ముప్పు తెస్తాయి. కనుక అక్కడ నేలను తడపడం తగ్గించి వెచ్చదనం పెంచాలి. మహారాష్ట్రలోని చంద్రపూర్, సిరొంచ ప్రాంతాలలో వేసవి పగళ్లు 45 డిగ్రీలు దాటుతాయి. అంత వేడి తాబేలుకూ ప్రాణాంతకమే. రేకుల కప్పు కింద ఉంచకుండా, మట్టిగోడ నీడలో, తడిపిన మట్టి మీద ఉంచవలసి ఉంటుంది. బళ్లారి, అనంతపురం ప్రాంతాలలో వేసవి వేడి, గాలి పొడిదనం రెండూ కలుస్తాయి. అక్కడ నీటి పళ్లెం రోజుకు రెండుసార్లు అవసరమవుతుంది.

వైద్య సహాయం

గ్రామ పశువైద్యశాలలో తాబేళ్ల చికిత్స అరుదు. అయినా వైద్యుని ద్వారా పెద్ద ఆసుపత్రికి దారి దొరుకుతుంది. తిరుపతి, బెంగళూరు హెబ్బాళ, చెన్నై వేపేరిలలో పశువైద్య కళాశాలలు ఉన్నాయి. వైద్యునికి తాబేలు దొరికిన తేదీ, బరువుల పట్టిక, పెట్టిన మేత, ఉంచిన చోటి వేడి వివరాలు చెబితే నిర్ధారణ సులభమవుతుంది. వీలైతే తాజా విసర్జనను చిన్న సీసాలో తీసుకువెళ్లాలి. నట్టలను దానితోనే గుర్తిస్తారు.

చట్టం చెప్పేది

నక్షత్ర తాబేలును ఇంటిలో పెంచడం భారతదేశంలో నేరం. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం దీనికి రక్షణ కల్పించింది. 2022లో సవరించిన ఆ చట్టం 2023 ఏప్రిల్ 1 నుంచి అమలులోకి వచ్చింది; దాని ప్రకారం ఇది మొదటి షెడ్యూలులో ఉన్నది. ఈ షెడ్యూలులోని ప్రాణి విషయంలో నేరం రుజువైతే మూడేళ్ల నుంచి ఏడేళ్ల వరకు జైలుశిక్ష, 25,000 రూపాయలకు తగ్గని జరిమానా ఉంటాయి. కొనడం, అమ్మడం, కానుకగా ఇవ్వడం, పట్టి ఉంచడం అన్నీ ఇందులోకి వస్తాయి. అంతర్జాతీయ వాణిజ్యాన్ని నియంత్రించే సైటిస్ ఒప్పందం కూడా 2019లో దీనిని అత్యంత కట్టుదిట్టమైన మొదటి అనుబంధంలోకి చేర్చింది.

ఇంత కఠినత్వానికి కారణం దొంగ వ్యాపారం. దేశంలోని ఒకే ఒక వ్యాపార కేంద్రం నుంచి ఏడాది కాలంలో కనీసం 55,000 నక్షత్ర తాబేళ్లను పట్టి తరలించినట్లు 2015లో ప్రచురితమైన ఒక అధ్యయనం లెక్కగట్టింది. పల్లెలో కొద్ది రూపాయలకు చేతులు మారిన పిల్ల, సంచులలో, పెట్టెలలో కుక్కబడి విదేశాలకు పోతుంది. దారిలోనే చాలా చనిపోతాయి. పొలంలో ఏరి ఇచ్చిన కూలీకి దక్కేది స్వల్పం, కేసు భారం మాత్రం పూర్తిగా అతని మీద పడుతుంది. పిల్లలకు చిల్లర ఇచ్చి తాబేళ్లను తెమ్మనే అపరిచితుల విషయంలో తల్లిదండ్రులు జాగ్రత్త వహించాలి.

అదే చట్టంలోని 39వ సెక్షన్ మంచి దారి కూడా చూపుతున్నది. వన్యప్రాణి ప్రభుత్వ ఆస్తి. ఏ విధంగానైనా అది చేతికి వచ్చినవారు 48 గంటలలోగా దగ్గరి పోలీసు స్టేషనుకు గాని, అధీకృత అటవీ అధికారికి గాని తెలియజేయాలి, కోరితే అప్పగించాలి. పైన చెప్పిన రెండు రోజుల సంరక్షణ ఈ గడువు లోపల ప్రాణం నిలపడానికి ఉద్దేశించినది. ఇంటిలో శాశ్వతంగా పెంచుకోవడానికి కాదు. ఇప్పటికే నెలల తరబడి ఇంటిలో ఉన్న తాబేలు విషయంలో, దాచడం కంటే ఊరి పెద్ద గాని న్యాయవాది గాని తోడుగా వెళ్లి స్వచ్ఛందంగా అప్పగించడం మేలు.

అప్పగించే విధానం

అటవీ రేంజ్ కార్యాలయాన్ని కన్నడంలో అరణ్య ఇలాఖె వారిదనీ, తమిళంలో వనత్తుఱై వారిదనీ, ఒడియాలో బన బిభాగ వారిదనీ, మరాఠీలో వన విభాగ వారిదనీ అడిగితే చూపుతారు. ఏ రాష్ట్రంలో తాబేలు దొరికిందో ఆ రాష్ట్రపు కార్యాలయంలోనే అప్పగించాలి. రాష్ట్ర సరిహద్దు దాటించి తీసుకువెళితే తరలింపుగా అనుమానించే అవకాశం ఉన్నది. ముందుగా ఫోను చేసి, వస్తున్నట్లు గాని, వారినే రమ్మని గాని చెప్పడం మంచిది.

గాలి రంధ్రాలు ఉన్న అట్టపెట్టెలో గడ్డి పరిచి పిల్లను ఉంచాలి. ప్రయాణంలో నీటి గిన్నె పెట్టరాదు. ఎండలో, వాహనపు ఇంజను వేడి తగిలే చోట పెట్టరాదు. దొరికిన తేదీ, స్థలం, మేత, బరువు రాసిన కాగితం ఇవ్వాలి. అప్పగించినట్లు సంతకంతో రశీదు తీసుకొని భద్రపరచాలి.

పెంచిన తాబేలును సొంతంగా అడవిలో వదలడం తప్పు. ఇంటిలో అంటిన రోగం అక్కడి తాబేళ్లకు వ్యాపించవచ్చు. కొనుక్కువచ్చిన పిల్ల ఏ ప్రాంతానిదో తెలియదు. ఉత్తరాది జాతి దక్షిణాది జాతితో కలిస్తే రెండింటి ప్రత్యేకతా చెడుతుంది. పరీక్షించి, వేరుగా ఉంచి, తగిన చోట వదలడం అటవీశాఖ పని.

పొరబడే ఇతర తాబేళ్లు

చెరువులో దొరికే మెత్తని డిప్ప తాబేలు, నల్ల తాబేలు నీటి ప్రాణులు. వాటి వేళ్ల మధ్య పొర ఉంటుంది. మెట్ట తాబేలుకు చెప్పిన పెట్టెలో ఉంచితే అవి ఎండిపోతాయి. స్థానిక నీటి తాబేళ్లను పట్టడం కూడా నేరమే. చెరువు గట్టు మీద కనిపిస్తే అక్కడే వదిలివేయాలి.

పట్నాల చేపల దుకాణాలలో అమ్మే, చెవి దగ్గర ఎర్ర మచ్చ ఉన్న చిన్న ఆకుపచ్చ తాబేలు అమెరికా జాతి. పెరిగి పెద్దదైన తరువాత విసుగెత్తి చెరువులో వదిలేవారు ఉన్నారు. ప్రపంచంలోని అత్యంత హానికరమైన వంద చొరబాటు జాతులలో ఇది ఒకటి. స్థానిక తాబేళ్ల మేతను, చోటును ఆక్రమిస్తుంది. సుల్కాటా వంటి విదేశీ మెట్ట తాబేళ్లు సైటిస్ అనుబంధాలలో ఉన్నవి. అటువంటి వాటిని కలిగి ఉన్నవారు 2024 నియమాల ప్రకారం కేంద్ర ప్రభుత్వపు పరివేష్ పోర్టల్‌లో నమోదు చేయించాలి. చట్టబద్ధంగా ఉన్న సుల్కాటా పిల్లలు చిక్కిపోవడానికి కూడా పై ఐదు కారణాలే మూలం. వెచ్చదనం, ఎండ, నీరు, గడ్డి మేత సూత్రాలు వాటికీ వర్తిస్తాయి.

భక్తి, సంరక్షణ

కూర్మావతారాన్ని కొలిచే ఇళ్లలో తాబేలు పట్ల గౌరవం సహజం. ఒడిశా సరిహద్దున ఉన్న శ్రీకాకుళం జిల్లాలోని శ్రీకూర్మం ఆలయంలో విష్ణువు కూర్మరూపంలో పూజలందుకుంటున్నాడు. ఆ గౌరవానికి ఇంటిలో ఒక పిల్లను బంధించడం అవసరం లేదు. ఇత్తడి కూర్మ ప్రతిమ పూజగదికి చాలును. ప్రాణమున్న తాబేలుకు గట్టు మీది పొద, కాలిన మట్టి వాసన, తొలకరి పచ్చిక కావాలి. పొలం గట్ల మీది పొదలను పూర్తిగా తగలబెట్టకుండా కొన్నిటిని మిగల్చడం, దున్నేటప్పుడు కనిపించిన గుడ్ల గుంటను కదపకుండా పక్కగా పోవడం, ఏరడానికి వచ్చేవారి సమాచారం అటవీశాఖకు తెలపడం ప్రతి రైతు కుటుంబం చేయగల పనులు.

ఇంటిలో చిక్కిపోతున్న పిల్ల ఉంటే ఈ రోజే తూచాలి, వెచ్చగా ఉంచాలి, గోరువెచ్చని నీటిలో నానబెట్టాలి. రేపటికల్లా అటవీ కార్యాలయానికి కబురు చేయాలి. అప్పగింత వల్ల ఇంటివారికి ఒక ముచ్చట తగ్గుతుంది. ఆ పిల్లకు మాత్రం దశాబ్దాల ఆయుష్షు మిగులుతుంది.